పూత పట్టు ఎంత? బ్యాటరీ ఎలక్ట్రోడ్‌ను ఊడదీసి చూసే పరీక్షల సంగతి

లిథియం అయాన్ సెల్‌ను విప్పి చూస్తే లోపల ముఖ్యంగా కనిపించేవి రెండు పొడవాటి లోహపు రేకులు. ఒకటి రాగి, రెండోది అల్యూమినియం. రాగి రేకు మందం సాధారణంగా 6 నుంచి 10 మైక్రాన్లు, అల్యూమినియం రేకు 10 నుంచి 20 మైక్రాన్లు. వాటికి రెండు వైపులా నల్లటి పూత ఉంటుంది. రాగి మీద గ్రాఫైట్, అల్యూమినియం మీద లిథియం కలిసిన లోహ ఆక్సైడో ఫాస్ఫేటో. ఇలా పూత వేసిన రేకునే ఎలక్ట్రోడ్ అంటారు: రాగిది ఆనోడ్, అల్యూమినియంది కాథోడ్. శక్తిని దాచుకునేది ఆ పూతే. రేకు చేసేదల్లా కరెంటును బయటికి చేరవేయడం.

పూతలో ఏముందని అందరూ అడుగుతారు. నికెల్ ఎంత, కోబాల్ట్ ఎంత, సిలికాన్ కలిపారా లేదా అని చర్చలు నడుస్తాయి. అది రేకును ఎంత గట్టిగా పట్టుకుని ఉందన్న ప్రశ్న మాత్రం ఫ్యాక్టరీ బయట పెద్దగా వినపడదు. ఫ్యాక్టరీ లోపల అది రోజువారీ టెన్షన్. పూత ఒకచోట రేకును వదిలేసిందంటే అక్కడికి కరెంటు దారి తెగిపోయినట్టే. ఆ ముక్కలో ఉన్న గ్రాఫైట్ ఉన్నా లేనట్టే. దాని వంతు పని పక్కనున్న భాగం మీద పడుతుంది. ఛార్జింగ్ వేళ అక్కడ రద్దీ పెరిగితే లిథియం గ్రాఫైట్ లోపలికి పోలేక పైనే లోహంగా పేరుకునే ప్రమాదం ఉంది. ఇక రేకును పొడవుగా కోసేటప్పుడో, ముక్కలుగా కత్తిరించేటప్పుడో అంచుల్లో పూత రాలిందంటే, ఆ పెచ్చు సెల్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. రెండు ఎలక్ట్రోడ్లను విడదీసే సెపరేటర్ మందం చాలా సెల్స్‌లో 10, 20 మైక్రాన్ల మధ్యే. ఒక గట్టి పెచ్చు దాన్ని నొక్కి చీల్చితే షార్ట్ సర్క్యూట్.

అందుకే పూత పట్టును కొలుస్తారు. మామూలుగా చేసేది పీల్ టెస్ట్: టేపు అంటించి లాగడం, ఎంత బలం పట్టిందో చూడటం. చూడటానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. కానీ ఇది ఇచ్చే అంకెను అర్థం చేసుకోవడం మాత్రం చాలా కష్టం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లాగాక ఎక్కడ చీలిందో కంటితో చూడకుండా ఆ అంకెను నమ్మకూడదు. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ పూతను పట్టి ఉంచుతున్నది ఏమిటో చూడాలి.

పట్టి ఉంచేది ఎంత కొంచెమో

పూతలో నూటికి తొంభై పాళ్లకు పైగా శక్తిని దాచే పదార్థమే ఉంటుంది. కొంచెం కార్బన్ బ్లాక్ కలుపుతారు, కరెంటు పారడానికి. మిగిలింది బైండర్, అంటే జిగురు. కాథోడ్‌లో ఎక్కువగా వాడేది పీవీడీఎఫ్ అనే పాలిమర్. దాన్ని ఎన్‌ఎంపీ అనే ద్రావకంలో కరిగించి కలుపుతారు. గ్రాఫైట్ ఆనోడ్‌కు నీళ్లే చాలు. అందులో సీఎంసీ అనే సెల్యులోజ్ పదార్థం, ఎస్‌బీఆర్ అనే సింథటిక్ రబ్బరు కలిసి పనిచేస్తాయి. సీఎంసీ స్లర్రీని, అంటే రేకు మీద పూసే ముద్దను, చిక్కబరిచి రేణువులు అడుగుకు దిగకుండా చూస్తుంది, ఎస్‌బీఆర్ పూతకు సాగే గుణాన్నీ పట్టునూ ఇస్తుంది.

ఎంత జిగురు ఎంత పని చేస్తోందో చిన్న లెక్క వేద్దాం. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీగ్రాముల పూత ఉన్న ఆనోడ్‌ను తీసుకుందాం. చదరపు మీటరుకు అది 100 గ్రాములు. అందులో బైండర్ 3 శాతం అనుకుంటే 3 గ్రాములు. బ్యాటరీ గ్రాఫైట్‌కు గ్రాముకు ఒకటి నుంచి కొన్ని చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. రెండు చదరపు మీటర్లని పెట్టుకుంటే, ఆ పూతలోని రేణువుల ఉపరితలమంతా కలిపి సుమారు 200 చదరపు మీటర్లు. ఆ 3 గ్రాముల జిగురు దాని మీద సమంగా పరుచుకుంటే వచ్చే పొర మందం దాదాపు 15 నానోమీటర్లు. నిజానికి అది అలా సమంగా పరుచుకోదు. రేణువుకూ రేణువుకూ మధ్య, రేణువుకూ రేకుకూ మధ్య అక్కడక్కడా వంతెనల్లా నిలుస్తుంది. మనం కొలిచేది ఆ వంతెనల బలాన్నే.

ఇక్కడే రెండు వేర్వేరు పట్టులున్నాయని గమనించాలి. పూత రేకును పట్టుకునే పట్టు ఒకటి. పూతలోని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే పట్టు ఇంకొకటి. ఒకే జిగురు రెండు పనులూ చేస్తోంది కాబట్టి రెండూ ఒకటేనని అనుకోవడం సహజం. కానీ జిగురు పైనుంచి కింది దాకా ఒకేలా లేకపోతే ఆ లెక్క తప్పుతుంది. చాలాసార్లు అది ఒకేలా ఉండదు.

ఓవెన్‌లో జరిగేది

స్లర్రీని రేకు మీద పూశాక దాన్ని పొడవాటి ఓవెన్ గుండా నడిపిస్తారు. మొదట ద్రవం ఆవిరవుతూ పూత పలచబడుతుంది, రేణువులు దగ్గరవుతాయి. ఒక దశలో రేణువులు ఒకదానికొకటి ఆని నిలబడిపోతాయి, పూత ఇక కుంగదు. కానీ రేణువుల సందుల్లో ఇంకా ద్రవం ఉంటుంది. ఇప్పుడు ఆ ద్రవం సన్నని సందుల గుండా పైకి ఎగబాకుతూ ఆవిరవుతుంది. పోతూ పోతూ తనలో కరిగి ఉన్న పీవీడీఎఫ్‌నో, తేలుతున్న ఎస్‌బీఆర్ కణాలనో పైకి లాక్కుపోతుంది. తడిసిన గోడ ఆరేటప్పుడు లోపలి ఉప్పు పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది చూడండి, అచ్చం అలాగే. దీన్ని బైండర్ మైగ్రేషన్ అంటారు.

ఆరబెట్టడం ఎంత వేగంగా జరిగితే ఇది అంత ఎక్కువ. నెమ్మదిగా ఆరితే పైకి చేరిన జిగురుకు మళ్లీ కిందికి విస్తరించే వ్యవధి దొరుకుతుంది. వేగంగా ఆరితే దొరకదు. పూత మందం పెరిగినా ఇదే సమస్య పెరుగుతుంది. చివరికి పైన జిగురు ఎక్కువ, రేకు దగ్గర తక్కువ. బైండర్ ఎంత వేశారో తూకం లెక్కలో సరిగ్గానే ఉంటుంది, కానీ అది ఉండాల్సిన చోట ఉండదు.

ఫ్యాక్టరీకి ఇది పెద్ద చిక్కు. ఓవెన్ వేగమే ఉత్పత్తి వేగం. వేగం పెంచితే పట్టు తగ్గుతుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఆనోడ్ల మీద పనిచేసి మూడు దశల ఆరబెట్టే పద్ధతిని 2017లో ప్రచురించారు. మొదట వేగంగా, మధ్యలో జిగురు కదిలే కీలక దశలో నెమ్మదిగా, చివర మళ్లీ వేగంగా. ఆలోచన సూటిగా ఉంది: జిగురు ఎప్పుడు కదులుతుందో తెలిస్తే అప్పుడు మాత్రమే జాగ్రత్త పడితే చాలు. ఇలాంటి మార్పు ఫలించిందా లేదా అని తేల్చేది మళ్లీ పీల్ టెస్టే. అందుకే ఆ పరీక్ష సరిగ్గా ఉండటం అంత ముఖ్యం.

ఓవెన్ ఒక్కటే కారణం కాదులెండి. రేకు తయారీలో వాడిన నూనె పూర్తిగా పోకపోయినా పట్టు తగ్గుతుంది. ఎస్‌బీఆర్‌ను చివర్లో మెల్లగా కలపాల్సింది పోయి మిక్సర్‌ను జోరుగా తిప్పితే రబ్బరు కణాలు ముద్దలు కడతాయి. నికెల్ ఎక్కువున్న కాథోడ్ పొడి మీద మిగిలే క్షార పదార్థాలు పీవీడీఎఫ్‌ను దెబ్బతీసి స్లర్రీని జెల్లీలా గడ్డకట్టిస్తాయి. వీటన్నిటి ఫలితమూ చివరికి ఒకే గ్రాఫులో కనిపిస్తుంది.

పీల్ టెస్ట్, దగ్గరనుంచి

ఎలక్ట్రోడ్ నుంచి 20 లేదా 25 మిల్లీమీటర్ల వెడల్పున ఒక పట్టీ కోస్తారు. అంచులు శుభ్రంగా రావాలి. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే అంచునే పూత లేచి ఉంటుంది, కొలత మొదలు కాకముందే తప్పు దొర్లినట్టు. తర్వాత రెండు దార్లున్నాయి. రేకు వైపును స్టీల్ ప్లేటుకు అంటించి, పూత మీద టేపు వేసి ఆ టేపును లాగడం ఒకటి. పూత వైపునే రెండు వైపులా జిగురున్న టేపుతో ప్లేటుకు అంటించి రేకును లాగడం రెండోది. రెండో పద్ధతిలో రేకు పూతను వదిలిపెట్టి పైకి లేస్తుంది. పూత ప్లేటు మీదే ఉండిపోతుంది.

టేపు మీద రోలర్ నడిపిస్తారు. టేపుల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రాసిన డీ3330 ప్రమాణంలో సుమారు 2 కిలోల రోలర్, నిమిషానికి 300 మిల్లీమీటర్ల లాగుడు వేగం ఉంటాయి. ఎలక్ట్రోడ్లు పరీక్షించే చాలామంది ఇలాంటి ప్రమాణాల నుంచే వివరాలు అరువు తెచ్చుకుంటారు. అరువు తెచ్చుకున్నప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ ప్రమాణం పరీక్షించేది టేపును, మనం పరీక్షించేది టేపు కింద ఉన్నదాన్ని. ఎలక్ట్రోడ్ పూత రంధ్రాలున్న పదార్థం. రోలర్ గట్టిగా నొక్కితే టేపు జిగురు ఆ రంధ్రాల్లోకి దిగుతుంది, పూత కూడా కాస్త అణుగుతుంది. టేపు వేశాక ఐదు నిమిషాలకు లాగడానికీ గంటకు లాగడానికీ తేడా రావచ్చు. కాబట్టి రోలర్ బరువు, ఎన్నిసార్లు నడిపారు, ఎంతసేపు ఆగారు, ఇవన్నీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. గదిలో తేమ కూడా లెక్కలోకి వస్తుంది, ముఖ్యంగా నీటిని ఇష్టపడే సీఎంసీ ఉన్న ఆనోడ్లకు.

ఇప్పుడు యంత్రం లాగడం మొదలుపెడుతుంది. గ్రాఫులో బలం ముందు నిటారుగా ఎక్కుతుంది, ఒక చిన్న శిఖరం రావచ్చు, ఆ తర్వాత గీత దాదాపు సమతలంగా సాగుతుంది. మొదటి భాగాన్ని వదిలేసి ఆ సమతల భాగపు సగటు తీసుకుంటారు. దాన్ని పట్టీ వెడల్పుతో భాగిస్తే వచ్చేది మీటరుకు ఇన్ని న్యూటన్లు. 20 మిల్లీమీటర్ల పట్టీకి సగటు బలం 0.3 న్యూటన్లు వస్తే పట్టు మీటరుకు 15 న్యూటన్లు. 0.3 న్యూటన్లంటే సుమారు 30 గ్రాముల బరువు, అంతే. కాబట్టి పెద్ద పెద్ద లోహపు కడ్డీలను లాగే లోడ్ సెల్‌తో (బలాన్ని కొలిచే పరికరంతో) దీన్ని కొలవబోతే అంకెల్లో సగం రొదే ఉంటుంది. 5 లేదా 10 న్యూటన్ల చిన్న లోడ్ సెల్ కావాలి. కొందరు ఇదే ఫలితాన్ని మిల్లీమీటరుకు గ్రాముల్లో రాస్తారు. మిల్లీమీటరుకు ఒక గ్రాము బరువంటే మీటరుకు 9.8 న్యూటన్లు.

ఆ సమతల గీతను కూడా ఊరికే సగటు తీసి వదిలేయకూడదని నా అభిప్రాయం. గీత రంపపు పళ్లలా ఎక్కుతూ దిగుతూ ఉంటే చీలిక ఆగి ఆగి దూకుతోందని అర్థం. ఒకచోట లోతుగా పడిపోయి మళ్లీ లేస్తే అక్కడ పూతలో గాలి బుడగో, రేకు మీద మచ్చో ఉండి ఉండొచ్చు. గీత మొత్తం ఒక వైపు వాలుతూ పోతే పూత మందమే మారుతోందేమో చూడాలి. సగటు బాగున్నా కనిష్ఠం భయపెట్టే పట్టీలు ఉంటాయి. సెల్‌లో ఊడేది ఆ కనిష్ఠం దగ్గరే. అందుకే వెడల్పాటి రేకుకు ఎడమ అంచు, నడుమ, కుడి అంచు నుంచి విడివిడిగా పట్టీలు తీయాలి. ఓవెన్‌లో గాలి అన్ని చోట్లా ఒకేలా వీయదు మరి.

ఎక్కడ చీలింది?

పరీక్ష అయిపోయాక పట్టీని పారేయకుండా దీపం కింద పెట్టి చూడాలి. ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంటుందంటే ఇది గుర్తుండాలని కోరుకుంటాను.

రాగి రేకు తళతళా మెరుస్తూ, నలుపు జాడ లేకుండా బయటపడిందంటే చీలిక సరిగ్గా రేకు, పూత కలిసే చోటే జరిగింది. దీన్ని అడ్హెసివ్ ఫెయిల్యూర్ అంటారు. అప్పుడు మనం కొలిచింది నిజంగా పూతకూ రేకుకూ మధ్య ఉన్న పట్టునే. రాగి మీద బూడిద రంగు పొర మిగిలి, టేపు మీద కూడా నల్లటి పొర అంటుకుని ఉంటే పూత నడిమధ్యలో చీలింది. ఇది కొహెసివ్ ఫెయిల్యూర్. అంటే రేకుతో ఉన్న పట్టు మనం కొలిచిన అంకె కన్నా ఎక్కువే, ఎంత ఎక్కువో ఈ పరీక్ష చెప్పలేదు. పూత మొత్తం రేకు మీదే ఉండి టేపు మాత్రం శుభ్రంగా వచ్చేస్తే మనం టేపు జిగురునే కొలిచాం. ఆ అంకెను ఎలక్ట్రోడ్ పేరిట రాయకూడదు.

అసలు జీవితంలో ఇవి కలగలిసి వస్తాయి. ఒక పట్టీ మీదే కొంత మెరుపు, కొంత బూడిద. అలాంటప్పుడు ఫొటో తీసి, మెరిసే భాగం సుమారు ఎంత శాతమో రాసి పెట్టడం మంచిది. రెండు ఎలక్ట్రోడ్లను పోలుద్దాం. మొదటిదానికి మీటరుకు 18 న్యూటన్లు, రెండోదానికి 14 వచ్చాయనుకుందాం. మొదటిది మేలని తేల్చేస్తాం. కానీ మొదటిది రేకు దగ్గర పూర్తిగా ఊడి, రెండోది పూత మధ్యలో చీలి ఉంటే, రేకుతో పట్టు రెండోదానికే ఎక్కువ ఉండే అవకాశం ఉంది. దాని బలహీనత రేణువుల మధ్య ఉంది. ఈ రెండింటికీ మందులు కూడా వేరు. మొదటిదానికి ఓవెన్‌ను సరిచేయాలి, లేదా రేకు మీద పలచటి కార్బన్ పొర వేయాలి. రెండోదానికి మిక్సింగ్‌నూ జిగురు పాళ్లనూ చూడాలి. అంకెను మాత్రమే చూసి పని మొదలుపెడితే తప్పు యంత్రాన్ని బాగుచేస్తూ కూర్చుంటాం.

జిగురు పైకి వెళ్లిపోయిన పూతలో ఇంకో మోసం ఉంది. పైపొర గట్టిగా ఉంటుంది, గోరుతో గీసినా రాలదు. రేకు దగ్గర మాత్రం డొల్ల. పైపైన రుద్ది చూసే పరీక్షలన్నిటిలో ఇలాంటి ఎలక్ట్రోడ్ దర్జాగా నెగ్గుతుంది.

90 డిగ్రీలా, 180 డిగ్రీలా?

టేపును నిటారుగా పైకి లాగితే 90 డిగ్రీలు. వెనక్కి మడిచి ప్లేటుకు సమాంతరంగా లాగితే 180. కోణం మారితే అంకె మారుతుంది, ఇందులో రహస్యమేమీ లేదు. రివ్లిన్ అనే శాస్త్రవేత్త 1944లో ఇచ్చిన సంబంధం ప్రకారం, ఒక చదరపు మీటరు అతుకును విడదీయడానికి పట్టే శక్తి, వెడల్పుకు పడే బలాన్ని ఒకటిలోంచి కోణపు కొసైన్‌ను తీసేసిన విలువతో గుణిస్తే వస్తుంది. 90 డిగ్రీలకు ఆ విలువ ఒకటి, 180కి రెండు. మీటరుకు 15 న్యూటన్లు 90 డిగ్రీల దగ్గర వస్తే అది చదరపు మీటరుకు 15 జూళ్లు. అదే అతుకును 180 డిగ్రీల్లో లాగితే సూత్రం ప్రకారం మీటరుకు 7.5 న్యూటన్లే రావాలి. లాగే పట్టీ సాగదు, వంగడంలో శక్తి వృథా కాదు అన్న షరతుల మీద వచ్చే లెక్క ఇది. కెండాల్ అనే మరో శాస్త్రవేత్త 1975లో పట్టీ సాగడాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు.

వాస్తవంలో ఆ షరతులు నిలవవు. రేకును లాగే పద్ధతిలో రేకు చిన్న వంపులో మడత పడుతుంది, లోహం శాశ్వతంగా వంగుతుంది, ఆ వంపుకూ శక్తి ఖర్చవుతుంది. టేపును లాగితే టేపు వంగడానికి, దాని జిగురు సాగడానికి ఖర్చవుతుంది. మనం లోడ్ సెల్‌లో చూసేది అతుకు తెగడానికి పట్టిన శక్తి, ఈ వృథా ఖర్చు రెండూ కలిసిన మొత్తం. మడత ఎంత పదునుగా ఉంటే వృథా అంత ఎక్కువ. కాబట్టి రాగి రేకును 8 మైక్రాన్ల నుంచి 6 మైక్రాన్లకు మార్చి, జిగురును ముట్టుకోకపోయినా పీల్ అంకె మారిపోవచ్చు. పట్టు మారిందని కంగారుపడాల్సిన పనిలేదు, లాగే చేయి మారింది. రెండు వైపులా పూత ఉన్న ఎలక్ట్రోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. వెనక వైపు పూత ఉంటే పట్టీ బిరుసుగా ఉంటుంది. దాన్ని తుడిచేస్తే బిరుసుతనం పోతుంది, కానీ తుడిచే ద్రవం అంచుల నుంచి మన పూతలోకి పాకకుండా చూసుకోవాలి.

నా మట్టుకు నాకు 90 డిగ్రీలే నచ్చుతాయి. మడత అంత పదునుగా ఉండదు, శక్తి లెక్క సూటిగా వస్తుంది. దీనికి లాగుతున్న కొద్దీ ప్లేటు కూడా పక్కకు జరుగుతూ కోణాన్ని నిలబెట్టే బల్ల కావాలి. అది లేనిచోట 180 సులువు, పునరావృతం కూడా బాగానే ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. వేర్వేరు కోణాల్లో, వేర్వేరు టేపులతో, వేర్వేరు వేగాలతో తీసిన అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడమే పొరపాటు. వేగం సంగతి విడిగా చెప్పాలి. టేపు జిగురూ ఎస్‌బీఆర్ రెండూ సాగే పదార్థాలు. వేగంగా లాగితే అవి బిరుసుగా ప్రవర్తించి ఎక్కువ బలం చూపిస్తాయి.

మిగతా పరీక్షలు

పీల్ కాకుండా నిలువుగా పీకే పరీక్ష ఉంది. ఎలక్ట్రోడ్‌ను రెండు లోహపు బిళ్లల మధ్య రెండువైపుల టేపుతో అంటించి, కాస్త నొక్కి పట్టి, తర్వాత నేరుగా పైకి లాగుతారు. బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2015లో దీన్ని ఎలక్ట్రోడ్ల కోసం పద్ధతి ప్రకారం వివరించారు. పీల్‌లో చీలిక ఒక గీత వెంట పాకుతుంది. ఇక్కడ మొత్తం వైశాల్యం ఒకేసారి భారం మోస్తుంది. అందుకే ఫలితం పాస్కల్స్‌లో వస్తుంది, మీటరుకు న్యూటన్లలో కాదు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే సూత్రం వెతకొద్దు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

జపాన్‌లో పుట్టిన సైకాస్ అనే యంత్రం ఇంకా ముందుకు వెళ్తుంది. చాలా గట్టి, చాలా పదునైన చిన్న బ్లేడు పూతలోకి వాలుగా దిగుతూ పోతుంది. ఏ లోతులో ఎంత బలం పట్టిందో చెబుతుంది. రేకు దాకా దిగాక రేకు వెంట అడ్డంగా సాగి అక్కడి పట్టును కూడా విడిగా కొలుస్తుంది. జిగురు పైకి పోయిందా అన్న అనుమానానికి ఇంత సూటిగా జవాబిచ్చే యాంత్రిక పరీక్ష నాకు ఇంకోటి తెలియదు. పట్టీకి పట్టే సమయమూ యంత్రం ఖరీదూ ఎక్కువ కాబట్టి లైన్ పక్కన రోజూ వాడేది కాదు.

పెయింట్ల కోసం పుట్టిన గళ్ల కోత పరీక్షను కొందరు ఎలక్ట్రోడ్ మీదా చేస్తారు. బ్లేడుతో గళ్లు కోసి, టేపు వేసి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో చూసి మార్కు వేయడం. ఐఎస్ఓ 2409లో 0 మంచిది, 5 చెడ్డది. ఏఎస్‌టీఎం డీ3359లో తిరగబడి ఉంటుంది, 5బీ మంచిది, 0బీ చెడ్డది. రిపోర్టులో ఉత్త "5" అని రాసి ఉంటే ఏ ప్రమాణమో అడగాల్సిందే. గట్టి ఉక్కు పలక మీది పెయింటుకు ఈ పరీక్ష బాగుంటుంది. 8 మైక్రాన్ల రాగి మీద బ్లేడు రేకును కూడా కోసేస్తుంది. సన్నని కడ్డీల చుట్టూ ఎలక్ట్రోడ్‌ను చుట్టి ఎంత సన్నని కడ్డీ దగ్గర పూత పగిలిందో చూసే పరీక్ష నాకు ఇంతకన్నా ఉపయోగంగా అనిపిస్తుంది, ఎందుకంటే చుట్టే సెల్‌లో లోపలి మలుపు దగ్గర ఎలక్ట్రోడ్‌కు నిజంగా ఎదురయ్యే పరిస్థితి అదే.

పొడిగా ఉన్నప్పటి పట్టు, తడిసినప్పటి పట్టు

ఇంతవరకూ చెప్పిన పరీక్షలన్నీ పొడి ఎలక్ట్రోడ్ మీద చేసేవి. సెల్ లోపల ఎలక్ట్రోడ్ తన జీవితమంతా ఎలక్ట్రోలైట్‌లో, అంటే లిథియం ఉప్పు కరిగిన కార్బొనేట్ ద్రావకాల్లో, నాని ఉంటుంది. ఆ కార్బొనేట్ ద్రావకాలను పీవీడీఎఫ్ పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. దీనికి తోడు ప్రతి ఛార్జింగ్‌లో గ్రాఫైట్ దాదాపు 10 శాతం ఉబ్బుతుంది, డిశ్చార్జిలో కుంచించుకుంటుంది. కింది రాగి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ తేడా అంతా రేకు, పూత కలిసే చోట పడుతుంది, వందల వేల సార్లు. సిలికాన్ అయితే లిథియం నింపుకున్నప్పుడు దాని ఘనపరిమాణం మూడు రెట్లకు పైగా అవుతుంది. సిలికాన్ పాళ్లు పెంచాలనుకునేవాళ్లంతా బైండర్ల వెంట పడటానికి కారణం ఇదే.

పొడిలో మంచి అంకె వచ్చిన ఎలక్ట్రోడ్ తడిలో నిలుస్తుందన్న హామీ లేదు. అందుకని పట్టీలను ఎలక్ట్రోలైట్‌లోనో, ఉప్పు లేని ద్రావకంలోనో కొన్ని రోజులు, తరచుగా వేడిగా ఉంచి, తీసి మళ్లీ లాగి చూస్తారు. ఇందులో ఒక చిక్కు ఉంది. తడి పూత మీద టేపు అంటదు. ఆరబెట్టి లాగితే ఉబ్బిన జిగురు మళ్లీ గట్టిపడి, కోల్పోయిన పట్టు కొంత తిరిగి వచ్చినట్టు కనిపించవచ్చు. కాబట్టి నానబెట్టి ఆరబెట్టి తీసిన అంకె కొంచెం ఆశావహంగా ఉంటుందని అనుకుని చదవాలి. అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం, చాలా సైకిళ్లు (ఒక ఛార్జింగ్, ఒక డిశ్చార్జి కలిస్తే ఒక సైకిల్) నడిపిన సెల్‌ను పూర్తిగా డిశ్చార్జి చేసి, తేమ లేని గ్లవ్ బాక్సులో విప్పి చూడటం. విప్పుతుండగానే రాగి మీంచి పూత పెచ్చులుగా లేస్తే పొడి పరీక్షలో ఎంత వచ్చిందన్నది ఇక అనవసరం.

మరి ఎంత పట్టు ఉంటే చాలు? అన్ని ఎలక్ట్రోడ్లకూ వర్తించే ఒక్క అంకెను నేను ఇవ్వను, ఇచ్చేవాళ్లను నమ్మవద్దనే చెబుతాను. కోత, చుట్టడం, పేర్చడం తట్టుకోవాలి. నానినప్పుడు ఊడకూడదు. అంతకు మించి పట్టు కోసం జిగురు పెంచుకుంటూ పోతే నష్టమే. జిగురు శక్తిని దాచదు, కరెంటును మోయదు. రంధ్రాలను పూడ్చి అయాన్ల దారికి అడ్డుపడుతుంది. 2 శాతం జిగురు సరైన చోట ఉన్న పూత, 4 శాతం జిగురు పైకి తేలిపోయిన పూత కన్నా మేలు కావచ్చు. ప్రతి ఫ్యాక్టరీ తన సొంత ఎలక్ట్రోడ్లలో ఏవి కోతలో రాలాయో, ఏవి సైకిళ్లలో ఊడాయో, వాటి పీల్ అంకెలు ఎంతో పక్కపక్కన రాసుకుని తన హద్దును తానే కట్టుకోవాలి. క్యాలెండరింగ్‌కు, అంటే ఎలక్ట్రోడ్‌ను రోలర్ల మధ్య నొక్కడానికి, ముందూ తర్వాతా రెండుసార్లూ కొలవాలి. రోలర్ల ఒత్తిడిలో కాథోడ్ రేణువులు మెత్తటి అల్యూమినియంలోకి దిగబడి పట్టు పెరగొచ్చు, ఒత్తిడి మరీ ఎక్కువైతే రేకు సాగి అంచుల్లో పట్టు దెబ్బతినొచ్చు.

ఈ కథలో పట్టు తక్కువుంటే బాగుండునని కోరుకునేవాళ్లూ ఉన్నారు. వాడేసిన బ్యాటరీని రీసైకిల్ చేసేవారికి కాథోడ్ పొడి కావాలి, అల్యూమినియం అంటని పొడి కావాలి. పీవీడీఎఫ్ అంత తేలిగ్గా వదలదు. దాన్ని వేడితో విచ్ఛిన్నం చేస్తే ఫ్లోరిన్ ఉన్న హానికర వాయువులు వస్తాయి, వాటిని పట్టే ఏర్పాటు కావాలి. ద్రావకంలో కరిగించాలంటే గర్భస్థ శిశువుకు హాని చేసేదిగా గుర్తించిన ఎన్‌ఎంపీ లాంటివి వాడాల్సి వస్తుంది. నీటితో పూసిన ఎలక్ట్రోడ్లను మళ్లీ నీటితోనే విడదీయవచ్చా అన్న పని అందుకే చురుగ్గా సాగుతోంది. అక్కడా కొలత ఇదే: పట్టీని నానబెట్టి, లాగి, రేకు ఎంత శుభ్రంగా బయటపడిందో చూడటం. ఫ్యాక్టరీలో చూసి దిగులుపడే ఆ మెరిసే రాగే వాళ్లకు కావాల్సిన ఫలితం.